ఎర్రబత్తి పోయింది, పర్వాలేదు

తెలంగాణ వచ్చిన ఆ కొత్త రోజుల్లో నేను చాలా చిన్నవాణ్ణి. నవ్వకండి. ఆలేరు వైపు రైలు స్టేషన్లలో ముప్పయ్యేడేళ్లు పనిచేసి, స్టేషన్ మాస్టరుగా దిగిపోయి, హుజూర్‌నగర్ దగ్గరి మా ఊరికి చేరిన అరవై ఒక్కేళ్ల మనిషినే. కానీ సేద్యంలో అది నా మొదటి వానకాలం. తెలియనిది కూడా తెలుసనుకోవడమే యవ్వనమైతే, నా అసలు యవ్వనం ఆ ఏడాదే మొదలైంది. పాత ట్రాక్టరు ఒకటి కొన్నాను. కొన్న ఉత్సాహంలో, నాకంటే ఐదేళ్లు పెద్దదైన మా అక్కకు మాటిచ్చాను, ఆమె నాలుగెకరాల మెట్ట చెలకకు ఈసారి అచ్చు నేనే తోలతానని. (పత్తి గింజ పెట్టే ముందు చాళ్లు గీయడాన్ని మా వైపు అచ్చు తోలడం అంటారు.) ఆమె నన్ను నమ్మి, ప్రతి ఏడూ వచ్చే కిరాయి ట్రాక్టరు వాణ్ణి వద్దని పంపేసింది.

వానలకు ముందే బ్యాటరీ మొండికేసింది. హుజూర్‌నగర్ తీసుకుపోయి ఛార్జి చేయించి తెస్తే రెండు రోజులు బాగానే ఉండేది. మూడో రోజు తాళం తిప్పితే ‘టిక్’ మని ఒక్క చప్పుడు, అంతే. నేను పద్ధతి గల మనిషిని. చిన్నప్పటినుంచి డైరీ రాస్తున్నవాణ్ణి. రోజుకొక అనుమానం చొప్పున పరీక్ష మొదలుపెట్టాను. సోమవారం బ్యాటరీ టెర్మినళ్లు ఉప్పుకాగితంతో తోమాను. మంగళవారం ఫ్యాన్ బెల్టు బిగించాను. బుధవారం మీటరు పెట్టి చూశాను. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఎంత చూపిస్తున్నదో, నడుస్తున్నప్పుడూ అంతే. నడిచేటప్పుడు పెరగాలి కదా! ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపాల్సిన ఆల్టర్నేటర్ (ఊళ్లో అందరూ దాన్ని డైనమో అనే అంటారు) ఉత్తగా తిరుగుతున్నదన్నమాట. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు. అందాకా ట్రాక్టరును ఊరి మిట్ట మీద నిలిపి, పొద్దున్నే కిందికి వదిలి, పరుగులో గేరు వేసి స్టార్టు చేసేవాణ్ణి. దాన్ని కూడా ఒక విద్యలాగే చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

అంతలో మంచి వాన పడ్డది. నేల పదునుకొచ్చింది. పదును రెండు రోజులే ఉంటుంది, అది దాటితే గింజ మొలవదు. పోయినేడు అక్క గింజ రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది. ఈసారి ఆమె దగ్గర ఇంకోసారికి గింజ లేదు. రెండో రోజు పొద్దున పదిమంది ఆడవాళ్లు గింజల సంచులు నడుముకు కట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. నేను మిట్ట దిగి, హారను కొట్టుకుంటూ చెలకలోకి ప్రవేశించి, రెండు చాళ్లు తోలి, రెండో మలుపులో క్లచ్చి తొందరగా వదిలాను. ఇంజను ఆగిపోయింది. (గంటకు నాలుగుసార్లు ఆపడం అప్పట్లో నా అలవాటు.) తాళం తిప్పాను. టిక్. చుట్టూ మెత్తటి తడినేల, మిట్ట లేదు. తాడేసి గుంజడానికి ఊళ్లో ఒక్క ట్రాక్టరైనా ఖాళీ లేదు.

“ఏమాయె తమ్మీ? స్టేషనొచ్చిందా?” అన్నది అక్క.

“సారూ, పచ్చజెండ ఊపాల్నా?” అని గట్టు మీదినుంచి ఒకామె. మిగతావాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. ఎండ వైపు ఒకసారి, మన్ను వైపు ఒకసారి చూసింది.

ఫోను చేస్తే ట్రాక్టరు మిస్త్రీ ఒంటిగంటకు వచ్చాడు, మోటారు సైకిలు వెనక ఎవరిదో నిండు బ్యాటరీ కట్టుకుని. ఏం చెప్పినా “ఊఁ” అనడం తప్ప మాటలు లేని మనిషి కాబట్టి ఊళ్లో అతన్ని ‘ఊఁ మిస్త్రీ’ అనేవారు. నేను డైరీ తీసి నా పరీక్షలన్నీ వరుసగా చదివి వినిపించాను. ఊఁ అన్నాడు. తెచ్చిన బ్యాటరీ బిగించి, నన్ను తాళం ఒక్క మెట్టు తిప్పమని, తన స్క్రూడ్రైవరును డైనమో వెనక భాగానికి ఆనించి వదిలాడు. అది జారి మట్టిలో పడింది. ఊఁ. అప్పుడు డ్యాష్‌బోర్డు వైపు చూశాడు.

“సారూ, గీడ ఎర్రబత్తి ఉండాలె. ఏది?”

“అది మాడిపోయి చాలా రోజులైంది. ఉత్త బత్తే కదా.”

“ఎప్పటి సంది?”

పేజీలు తిప్పాను. నా అక్షరాలే, నీటుగా: “ఎర్రబత్తి పోయింది. పర్వాలేదు.” దాని కిందే, రెండు రోజుల తరవాత: “బ్యాటరీ మొదటిసారి దిగింది.”

అక్క నా భుజం మీదినుంచి తొంగి చూసి, “రాసుడైతే రాసినవు గని, సదువుడు మర్సినవా తమ్మీ?” అన్నది.

స్టేషన్లో సిగ్నల్ దీపం ఒక్కటి ఆరితే రిజిస్టరులో రాసి, మనిషిని పంపి, అది వెలిగేదాకా కుదురుగా కూర్చోనివాణ్ణి నేను. అలాంటివాణ్ణి ఇక్కడ ‘పర్వాలేదు’ అని రాసుకున్నాను.

మిస్త్రీ ఆ రోజు తన జన్మలోకెల్లా పొడుగైన మాట మాట్లాడాడు. “డైనమో దానంతటది లేవది సారూ. బ్యాటరీలకెంచి జరంత కరెంటు పోయి లేపాలె. గా కరెంటు గీ బత్తిలకెల్లే పోతది. బత్తి మాడితే తొవ్వ తెగినట్టే.” అని, తన మోటారు సైకిలు ఎడమ ఇండికేటరు ఊడదీసి, అందులోని బల్బును రెండు వైర్లతో అక్కడ కలిపాడు. అది వెలిగింది. స్క్రూడ్రైవరును మళ్లీ డైనమో దగ్గరికి తెచ్చాడు. ఇంకా అంగుళం దూరం ఉండగానే అతని చేతినుంచి దూకి, అయస్కాంతానికి పడినట్టు ‘టక్’ మని అతుక్కున్నది. ఇంజను నడవడం లేదు, ఏదీ కదలడం లేదు. చలనం లేని ఆ ఇనపముద్దలోకి, వేలి కొసంత బల్బులోంచి ఏదో ప్రాణం లాంటిది వెళ్లి కూర్చున్నది. గట్టు మీద నవ్వులు కూడా ఆగాయి. ఇంజను స్టార్టు చేసి వేగం పెంచగానే, లేపడం వరకే నా పని అన్నట్టు బల్బు మెల్లగా ఆరిపోయింది. మీటరు ముల్లు పైకి లేచింది.

సాయంత్రంలోగా నాలుగెకరాలూ అయిపోయాయి. ఐదుసార్లు ఇంజను ఆపాను, ఐదుసార్లూ పలికింది. చివరి చాలులో గింజలు పడి ఆడవాళ్లు వెళ్లిపోయాక, నేను ట్రాక్టరు ఆపి, తాళం ఒక్క మెట్టు తిప్పి, దిగి, నా స్క్రూడ్రైవరు పట్టుకుని డైనమో దగ్గర వంగి ఉన్నాను. టక్. పీకాను. టక్.

“ఏం జేస్తున్నవ్ ఆడ? మల్ల బ్యాటరీ ఒడగొడ్తవా?” అంటూ వచ్చింది అక్క. స్క్రూడ్రైవరు ఆమె చేతికిచ్చాను. ఆమె అనుమానంగా దగ్గరికి తెచ్చింది. అది ఆమె వేళ్లలోంచి గుంజుకున్నది. దాన్ని పీకి, కొంగుతో తుడిచి, గొంతు తగ్గించి అన్నది: “బందు జేసి, మల్లొక్కసారి తిప్పు తమ్మీ.”

ఆ సాయంత్రం ఆగి ఉన్న ట్రాక్టరు పక్కన వంగిన ఆ బురద బూట్ల పెద్దమనిషి, అప్పటి నేను, ఇప్పుడు ఎదురైతే, అతని తప్పు ఒక్కటి కూడా సరిదిద్దను. ఇంకాసేపు తాళం తిప్పుకోనిస్తాను.