లేచేదాకా చూపరు

లలితమ్మకు కొట్లాట సినిమాల పిచ్చి పట్టిందని గద్వాలలో ఆ గల్లీ అంతా చెప్పుకుంటుంది. పొద్దంతా విత్తనపత్తి చేలో పువ్వుకు పువ్వు రుద్ది, పుప్పొడి అంటిన వేళ్లతో ఇల్లు చేరుతుంది. నడుం వాల్చదు. గోడంత టీవీ పెట్టి, నాలుగు మూలలా ఉన్న స్పీకర్లు మోగిస్తుంది. పాటలొస్తే కళ్లు మూసుకుంటుంది. ఫైటు మొదలవగానే ముందుకు జరిగి కూర్చుంటుంది.

ఆ సాయంత్రం మోత భరించలేక పక్కింటి హెప్సిబా వచ్చింది. "పెద్దమ్మా, జర సౌండు తక్కువ చెయ్యి. మా గిన్నెలు గూట్లకెల్లి దుంకుతున్నయ్. ఈ వయసుల నీకు కొట్లాటలేందే?"

"జరాగు బిడ్డా. ఎనకనుంచి ఒకడు అరుస్తడు, ఇను."

వెనక స్పీకర్లోంచి కేక వినిపించింది. మరుక్షణం తెర మీద, హీరో తన్నిన ఎర్ర చొక్కావాడొకడు మేడ మీది నుంచి అద్దాలపై పడ్డాడు. లలితమ్మ రిమోటు నొక్కి వెనక్కి తిప్పింది. మళ్లీ అదే కేక, అదే పడటం.

"పాత టీవీల అంతా దుమ్ము లెక్కనే కనవడుతుండె. దీంట్ల మొకం ఆనుతది," అంది అలసటగా. "పడ్డంక లేసిండా లేదా, అది మాత్రం సూపియ్యరు. అడిగితే ఏం కాలేదంటడు ఫోన్ల. నమ్మాలె గదా!"

హెప్సిబా తెర దగ్గరికి వెళ్లి చూసింది. ఆ ఎర్ర చొక్కావాడు, పని వెతుక్కుంటూ హైదరాబాదు పోయిన లలితమ్మ కొడుకు శివకుమార్.