కరెంటు అద్దెలోనే

ఏలూరులో మా మేడమీద వాటా అద్దెకిచ్చినప్పుడు "కరెంటు అద్దెలోనే అండీ" అని గొప్పగా చెప్పింది నేనే. రెండు వాటాలకీ మీటరు ఒకటే. నెలనెలా పంపకాలు వేసుకుని ముఖాలు మాడ్చుకోవడం నాకు పడదు. పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో ఉద్యోగం చేసే అబ్బాయి, అతని భార్య దిగారు. ఆ అమ్మాయి కడుపుతో ఉంది.

ఎండలు ముదరకుండానే బిల్లు ఎగబాకింది. మళ్ళీ నెల ఇంకా పెరిగింది. అడిగేద్దామని మెట్లెక్కేదాన్ని. "రండి అక్కా, కాఫీ తాగుదురుగాని" అనేది ఆ అమ్మాయి. అంతే, నా నోరు పడిపోయేది. మా వైపు మర్యాద అలాంటిది. లోపల కుతకుతలాడిపోతున్నా పైకి అండీ తప్ప ఇంకో మాట రాదు.

ఒకరోజు ఆ అమ్మాయి మా అత్తగారితో చేతులు జివ్వుమంటున్నాయని చెప్పింది.

"నీరు పట్టుంటుందమ్మా, ఉప్పు తగ్గించు" అన్నారావిడ. నేనూ తలూపాను.

తరవాత వాళ్ళు చుట్టాలింటికని చింతలపూడి వెళ్ళారు. సంగతి తేల్చుకుందామని మా వాటాలో ఫ్రిజ్జుతో సహా అన్నీ ఆపేసి మీటరు దగ్గరికెళ్ళాను. ఎర్రదీపం గబగబా కొట్టుకుంటూనే ఉంది. ఏసీ ఆపకుండా పోయారు మహానుభావులు అనుకుంటూ విసవిసా మేడెక్కాను. కిటికీలోంచి చూస్తే పైన ఏదీ తిరగడం లేదు. వాళ్ళ స్నానాలగదిలోకి వెళ్ళే ఇనప గొట్టం పక్కన గోడంతా చెమ్మ. గొట్టం మీద చెయ్యేశాను. మోచేతిదాకా జివ్వుమని లాగేసింది.

నీరు పట్టడం కాదు. ఆ పిల్ల రోజూ తాకుతున్నది ఇది.

కిందికెలా దిగానో తెలియదు. మెయిను ఆపేసి కూలబడ్డాను. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, గీజరు తీగ ఒరుసుకుపోయి గొట్టానికి తగులుతోందన్నాడు. బిల్లంతా గోడలోకి పోతోంది. డబ్బు సంగతి ఎవడిక్కావాలి? కడుపులో బిడ్డకి ఏమైందో అన్నదొక్కటే నా భయం.

సాయంత్రం వాళ్ళు బస్సు దిగి వచ్చారు. "కాళ్ళు కడుక్కొస్తానండీ" అంటూ ఆ అమ్మాయి మెట్లవైపు నడిచింది. కరెంటు లేదని తెలిసి కూడా పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. జరిగింది చెప్పాను.

ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. "కుళాయి తిప్పినప్పుడే అలా అయ్యేదండీ అక్కా. గీజరు మేమే పాడుచేశామనుకుంటారేమోనని, చేతుల మాటే చెప్పానండి."

"అడిగితే నొచ్చుకుంటావని నేనూ బిల్లు మాటెత్తలేదమ్మా."

ఆ అమ్మాయి మెట్టుమీద కూర్చుని నా అరచేయి తీసుకుని పొట్టమీద పెట్టుకుంది. "పొద్దున్న ఒకసారి కదిలిందండీ. మళ్ళీ లేదు."

ఆ అబ్బాయి చేతిలో సంచి అలాగే ఉంది. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాను.

కాసేపటికి నా అరచేతి కింద చిన్న తన్ను తగిలింది. ఆ అమ్మాయి కంటే ముందు నేనే ఏడ్చేశాను.