చుక్క ఒలకని పరుగు

ఆ అమ్మాయి ఖరీదైన పిస్తోలు వల్ల గెలవలేదు. పోయిన నెల హైదరాబాదులో, ఒకప్పుడు మస్కట్‌లో కాపురాలు చేసి వచ్చిన మేమంతా ఒకరింట్లో భోజనాలకు కలిసినప్పుడు, మావారు ఎప్పటిలాగే ఆ కథ ఎత్తుకుని, వాళ్లన్న విదేశం నుంచి కొత్త పిస్తోలు తెప్పించాడు, పిల్ల జట్టులోకి వెళ్లిపోయింది అని ముగించేసరికి, నేను పప్పుగిన్నె కింద పెట్టి మరీ అడ్డం తగిలాను. ఆ పిస్తోలు వచ్చింది ఎంపిక అయిపోయాక. ఆ రోజు టైమర్ పట్టుకున్నది నేను; ఆయన ఎక్కడో దూరాన సోహార్‌లో డ్యూటీలో ఉన్నారు. అక్కడ లేని మనిషి చెప్పిన కథే పదిహేనేళ్లకు పైగా చలామణీ అవుతుంటే ఊరుకోవడం నా వల్ల కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

తుపాను వచ్చి మస్కట్ రోడ్లు కొట్టుకుపోయిన మరుసటి ఏడాది సంగతి. అప్పుడు మేం నగర శివారు మబేలాలో ఉండేవాళ్లం. పిల్లలు బడికి పోయాక గోడలు చూస్తూ కూర్చోవడం చేతకాక, బీయస్సీ లెక్కలు చదివినదాన్ని కదా అని, ఊరి బయట కొండల మధ్య ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో స్కోరు షీట్లు రాసే పనికి కుదిరాను. అది మీరు టీవీలో చూసే, ఒకచోట నిలబడి ఒకే గురిని కాల్చే ఆట కాదు. ఇసుక దిబ్బ ముందు డ్రమ్ములూ చెక్క గోడలూ నిలబెట్టి, వాటి అవతల కాగితం బొమ్మలు, ఇనుప పలకలు పెడతారు. టైమర్ కూత పెట్టగానే ఒకచోట కాల్చి, ఇంకోచోటికి పరిగెత్తి అక్కడ కాల్చి, మళ్లీ పరుగు. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తే స్కోరు. పరుగులో పిస్తోలు మొన దిబ్బవైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి. ఏది తప్పినా ఆ రోజుకు ఇంటికే. మొదటి వారం చెవులు మూసుకున్నాను గానీ, రెండో వారం నుంచి నాకు అందులో ఉన్నదంతా లెక్కే అనిపించింది.

ఆ అమ్మాయి మా క్లబ్బు మేనేజర్ చెల్లెలు, అక్కడే సాధన చేసేది. అల్ సువైక్‌లో ఖర్జూరపు తోటలున్న కుటుంబం వాళ్లది. టీచరు చదువు పూర్తిచేసి ఉంది, చాలా దూరాన సూర్ అనే ఊళ్లో ఒక బడిలో ఉద్యోగం కూడా వచ్చింది. ఆడవాళ్ల జట్టులో ఒక్క చోటే ఖాళీ. అది దొరికితే ఇక్కడ ఉండి ఆడుకోవచ్చు, దొరక్కపోతే పిస్తోలు అప్పగించి సూర్ వెళ్లి పాఠాలు చెప్పుకోవాలి. ఇదీ అన్నాచెల్లెళ్ల ఒప్పందం. నిలబడి కాల్చమంటే మగవాళ్లు కూడా ఆ పిల్ల ముందు తేలిపోయేవాళ్లు. కదలమన్నప్పుడే వచ్చేది చిక్కు.

కాళ్లలో వేగం లేదనుకుని ఆమె రోజూ గంటసేపు పరుగు సాధన పెట్టుకుంది. పరుగు పెరిగింది గానీ స్కోరు పెరగలేదు. ప్రతి గుండూ ఏ క్షణాన పేలిందో టైమర్‌లో పడుతుంది కాబట్టి, నేను పాత షీట్లన్నీ వరసగా పరిచి చూశాను. ఒకచోట ఆఖరి గుండుకూ మరోచోట మొదటి గుండుకూ మధ్య ఖాళీ వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. మరి పరుగులో మిగిల్చిన కాలం ఎటు పోతున్నట్టు? అదే ఆమెను అడిగాను. ఆమె నాకంటే మొండి. ఇంకా వేగంగా పరిగెడతాను, ఖలాస్, అంతే, అని విసురుగా వెళ్లిపోయింది. మేమిద్దరం అలా నాలుగు రోజులు వాదించుకున్నాం, ఒక్క సెకనూ తగ్గకుండా.

ఇక నేను అక్కా అని పిలిచిన మనిషి గురించి. మేనేజర్ ఇంట్లో పనిచేసే కడప మనిషి. సాయంత్రాలు క్లబ్బు వంటగది నుంచి మా షెడ్డుకు పాలు కలపని సులేమానీ టీ తెచ్చేది. ఒమాన్ రాకముందు ఊళ్లో మేస్త్రీల దగ్గర సిమెంటు తట్టలు మోసి, ఊగే పలకల మీద అంతస్తులకు అంతస్తులు ఎక్కి దిగిన మనిషి. ఐదో రోజు మా వాదన మధ్యలో టీ పెడుతూ తాపీగా అంది:

"ఏందిమ్మా, ఆ పాప అంత బిరీన పోయి, ఆడ దబీమని నిలబడతాంది. టీ అయ్యుంటే సగం నేల మీదనే."

"అయితే నువ్వే చేసి చూపించు అక్కా," అన్నాను, నిజం చెప్పాలంటే ఆమె నోరు మూయించడానికే.

అక్క ఎనిమిది గ్లాసుల అంచుదాకా టీ పోసి, ట్రే ఎత్తుకుని, మొదటి డ్రమ్ము దగ్గర్నుంచి రెండో డ్రమ్ముకు ఆ గులకరాళ్ల మీదుగా వెళ్లింది. వెళ్లింది అనడం కూడా సరిపోదు. నడుము కింద ఏదో బండి నడుస్తోంది, నడుము పైన మనిషి నిలబడే ఉంది. రెండు అడుగుల దూరం ఉండగానే అడుగులు చిన్నవయ్యాయి, చూపు అప్పటికే డ్రమ్ము మీద వాలింది, కాలు ఆగడమూ ట్రే దిగడమూ ఒకేసారి జరిగాయి. గ్లాసుల్లో టీ కదిలిందే గానీ బయటికి రాలేదు. రోజూ ఆ టీ తాగుతూ, నేను ఒక్కసారి కూడా తలెత్తి ఆ నడక చూడలేదు.

మేనేజర్ చెల్లెలు వెంటనే ట్రే లాక్కుని ప్రయత్నించింది. మూడు గ్లాసులు పడ్డాయి. అక్క పగలబడి నవ్వి, తనకొచ్చిన అరబ్బీనీ హిందీనీ కలిపి, "శ్వయ్యా శ్వయ్యా, మేడమ్. పావ్ నై, ఘుట్నా," అంటూ తన మోకాళ్లు తట్టి చూపించింది. మెల్లగా, పాదాలు కాదు, మోకాళ్లు అని.

ఆ తర్వాత నెలరోజులూ పిస్తోలు కంటే ట్రే ఎక్కువ పట్టుకుంది ఆ పిల్ల. మోకాళ్లు ఎప్పుడూ కాస్త వంగే ఉండాలి, బయలుదేరేటప్పుడు ఆఖరి గ్లాసు అవతలివాళ్ల చేతికందేసరికే తర్వాతి అడుగు పడి ఉండాలి, చేరాక ఆగడం కాదు, చేరకముందే ఆగడం మొదలుపెట్టాలి. అక్క కడప మాటల్లో చెప్పేది, నేను ఇంగ్లీషులో చెప్పేదాన్ని, ఆ పిల్ల దాన్ని పిస్తోలుకు మార్చుకునేది: ఇంకా రెండు అడుగులు ఉండగానే పిస్తోలు కళ్ల ఎత్తుకు రావాలి, పాదం ఆనేసరికి గురి కుదిరి ఉండాలి. పరుగులో మిగిల్చిన కాలమంతా ఇన్నాళ్లూ ఆగాక ఒళ్లు కుదురుకోవడానికే పోయేది.

ఎంపిక రోజున ఆమెకంటే ముందు ఆడినవాళ్లంతా దుమ్ము రేపుకుంటూ పరిగెత్తారు. ఈమె వంతు వచ్చింది. కూత పెట్టాను. ఆ పిల్ల ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి పోతున్నట్టు కదిలింది. తొందర లేదు, కాలి చప్పుడు లేదు, ఒక డ్రమ్ము నుంచి మరో డ్రమ్ముకు ఇనుప పలకల మోత మాత్రం తెగకుండా సాగింది. మా మేనేజర్ ముఖం పక్కకు తిప్పుకుని, "స్లో. బహుత్ స్లో," అన్నాడు. ఇక సూర్ పోవడమే అని నేనూ అనుకున్నాను. టైమర్ చూశాను. తప్పు చూశానేమోనని ఎండకు చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ చూశాను. ఆ రోజు ఆడిన ఎవరికీ, మగవాళ్లతో కలిపి, అంత తక్కువ కాలం పట్టలేదు. కళ్లముందు మెల్లగా సాగింది లెక్కలో అంత వేగం ఎలా అయిందో, లెక్కలు చదివిన నాకు ఈనాటికీ వింతే.

షెడ్డు దగ్గర ట్రే పట్టుకుని నిలబడ్డ అక్క ఒక్కమాటే అంది: "సుక్క గూడా ఒలకల్యా."

జట్టులో చోటు దక్కిన ఆ పిల్లతో అందరికీ ఫోటో తీసినప్పుడు అక్క అందులో లేదు. ఖాళీ గ్లాసులు ఏరుకుంటోంది. ఆ ఎండాకాలమే వీసా అయిపోయి ఊరికి వెళ్లిపోయింది, ఆ తర్వాత మేమూ వచ్చేశాం. ఇప్పుడు ప్రతి అడుగునూ ఫోన్లో వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి చూసుకుంటున్నారట. ఆ పిల్ల కూడా కొత్తవాళ్లకు నేర్పుతోందట, మొదటి రోజే చేతికి ట్రే ఇస్తుందట. ట్రే ఉంది, నేర్పినామె చేతులు మాత్రం ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

ఇదంతా ఆ భోజనాల దగ్గర చెబితే అందరూ ఒప్పుకున్నారు, మావారు తప్ప. ఆయన మజ్జిగ కలుపుకుంటూ, సరే, ఆవిడ పేరేమిటి అన్నారు. వాదనలో ఆయన చేతిలో ఏనాడూ ఓడని నేను కింద పెట్టిన పప్పుగిన్నె మళ్లీ ఎత్తుకున్నాను. పేరు గడి ఖాళీగా ఉన్న షీటు చెల్లదని ఆ క్లబ్బులో ఎంతమందితో పోట్లాడానో లెక్కలేదు. అంతమంది పేర్లు పట్టుబట్టి రాయించినదాన్ని, రోజూ టీ తెచ్చిచ్చిన అక్కను నీ పేరేమిటని ఒక్కసారైనా ఎందుకు అడగలేదు?