సత్యక్క మీద గెలవడం

నిన్న పొద్దున్న కాకినాడలో ఆఫీసుకి బయలుదేరుతుంటే కడియం నుంచి బావగారి ఫోన్.

"మీ అక్క వెళ్ళిపోయిందయ్యా" అన్నారు.

తలమీద హెల్మెట్ తియ్యకుండానే మెట్ల మీద కూర్చుండిపోయాను.

సత్యక్క మా పెదనాన్నగారి అమ్మాయి. కడియంలో నర్సరీ నడిపేది. ఒక్క మాట పడే రకం కాదు. పేకాటంటే ప్రాణం.

మా పాలకొల్లు వైపు పెళ్ళంటే విడిదిలో మగాళ్ళ పేకాట ఉండాల్సిందే. ఆడవాళ్ళు కాఫీలిచ్చి వెళ్ళిపోతారు. మా చెల్లి పెళ్ళిలో అక్క మాత్రం ట్రే పక్కన పెట్టి, "నాక్కూడా ముక్కలెయ్యండి బాబాయ్" అని కూర్చుంది.

ఎవరూ కాదనలేదు.

అంతకంటే అన్యాయం చేశాం. పుట్టింట్లో ఆడపడుచు చిన్నబుచ్చుకోకూడదని, సైగలు చేసుకుని మరీ ఓడిపోయాం. వరసగా నాలుగు ఆటలు.

ఐదో ఆటకి నేను డ్రాప్ చెప్పాను. పడేసిన ముక్కలు తిరగేసి చూడకూడదు, అది ఆట మర్యాద. అక్క తిరగేసింది. రెండు జోకర్లున్నాయి. ఇంకొక్క ముక్క పడితే షో, ఆట నాదే.

"పుట్టింటి సారె పుచ్చుకోడానికి రాలేదురా. ఆడదామని వచ్చాను" అంది. కళ్ళనిండా నీళ్ళు.

నాకు తల కొట్టేసినట్టయింది.

బాబాయ్ ముక్కలు కలిపి, "సరేనమ్మా, ఇక కాసుకో" అన్నారు. ఆ మధ్యాహ్నం అక్కని చిత్తుగా ఓడించాం. అంత హ్యాపీగా అక్కని నేనెప్పుడూ చూళ్ళేదు.

తర్వాత ప్రతి ఫంక్షన్‌లోనూ ఆడింది. బాబాయ్ గెలిస్తే తెలివి, అక్క గెలిస్తే లక్ అనేవాళ్ళు మావాళ్ళు. పట్టించుకునేది కాదు.

డాక్టర్లు ఇక లాభం లేదన్నారని తెలిసి, పది రోజుల క్రితం చూడ్డానికి వెళ్ళాను. దిండుకి ఆనుకుని, "ఆడదాం రా" అంది. చేతులు వణుకుతున్నాయని బావగారే ముక్కలు పట్టుకున్నారు.

కాసేపటికి నాకు షో వచ్చేసింది.

ఇదే ఆఖరి ఆటని ఇద్దరికీ తెలుసు. మనసొప్పలేదు. ఈ ఒక్కసారికి ఓడిపోతే ఏం పోయిందనిపించింది. అక్క నా మొహమే చూస్తోంది.

"షో అక్కా" అన్నాను.

ఒక్కో ముక్కా వేలితో తాకి సరిచూసుకుంది. నవ్వింది. "వెధవా, బాగా ఆడావురా" అంది.

బయటికొచ్చి, బైక్ దగ్గర నిలబడి ఏడ్చాను.

వెళ్ళిరా అక్కా. ఏ నొప్పీ లేనిచోట ప్రశాంతంగా ఉండు. అక్కడెవరూ నీ మీద జాలిపడి ఓడిపోకూడదని దేవుణ్ణి అడుగుతున్నాను.