గురువారం పెట్టిన మ్యాచ్

వర్జీనియాలో చదువుకునే రోజుల్లో ఒక గురువారం బస్సెక్కితే, లోపలంతా కాలేజీ ఫుట్‌బాల్ అభిమానులే. నా ముందు సీట్లో ఇద్దరు స్టూడెంట్లు జట్టు పేరు మార్చడం గురించి వాదించుకుంటున్నారు. పాత పేరు ఇక్కడి ఆదివాసీ తెగలవాళ్లను నొప్పించేదని ఒకడు, తాతల నాటి పేరు ఎలా తీసేస్తారని ఇంకొకడు. కొత్త పేరు హెరాన్స్, అంటే కొంగలు. ఎప్పుడూ శనివారం జరిగే మ్యాచ్‌ని గురువారం పెట్టడం అన్యాయమన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

పక్క సీట్లోని పెద్దావిడ నా వైపు వంగి, "నాతో కాస్త ప్రాక్టీస్ చేస్తావా?" అని అడిగింది. "పెళ్లయినప్పటి నుంచీ పాత పేరే అరిచాను. మార్చింది మంచికే. నోటికే ఇంకా అలవాటు కాలేదు."

"ఒక్కరే వెళ్తున్నారా?" అన్నాను.

"ఏటా మా ఆయనతో వచ్చేదాన్ని. గురువారం ఆయనకి డయాలిసిస్. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వింటానన్నాడు. నా గొంతు వినపడాలి కదా."

ఇద్దరం మెల్లగా "గో హెరాన్స్" అనడం మొదలుపెట్టాం. ఇంతలో ఆవిడ నోట పాత పేరే వచ్చేసింది. సిగ్గుపడి నవ్వింది. ముందు సీట్లో వాదన ఆగిపోయింది. పాత పేరే కావాలన్న అబ్బాయి వెనక్కి తిరిగి, "గట్టిగా అనండి మేడమ్, మేమూ అంటాం" అన్నాడు. కొత్త పేరు ముందుగా అరిచింది అతనే.

ఆ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట నాకు ఇప్పటికీ సరిగా అర్థం కాదు. కానీ ఏటా షెడ్యూల్ రాగానే, వాళ్ల మ్యాచ్ శనివారం పడిందో లేదో చూస్తాను.