వెనక్కి వెళ్లిన హారతి

మా బావ ఉమాకాంతం ఒకచోట కూర్చుని కాఫీ తాగగా నేను చూడలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని వరండా, వంటిల్లు, వీధి గుమ్మం తిరుగుతూ తాగుతాడు. జగ్గయ్యపేటలో వాళ్లింటికి వెళితే ఆయనతో మాట్లాడాలంటే వెంట తిరగాల్సిందే. పెళ్లిలో పీటల మీంచి కూడా లేవబోతే పురోహితుడు భుజం నొక్కి కూర్చోబెట్టాడని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అలాంటి మనిషి కుదురుగా ఉండే చోటు ఒక్కటే, కారు. బావకి నందిగామలో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. మా అక్క లలితాంబ అక్కడే బడిలో టీచరు. రోజూ పొద్దున్నే ఇద్దరూ తమ పాత పెట్రోలు కారులో వెళ్లేవారు. స్టీరింగు పట్టుకున్నాక లేచి తిరగడానికి వీల్లేదు కదా, అందుకని అక్క సంసారం కబుర్లన్నీ ఆ దారికే దాచుకునేది. సాయంత్రం కూర దగ్గర్నుంచి కూతురు లాస్య చదువు దాకా అన్నీ హైవే మీదే తేలేవి.

ఈ వేసవిలో కారు మొరాయించడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులు, ఎంత తొక్కినా ఊపు లేదు. ఎవరికైనా చూపిద్దామని అక్క అంటూనే ఉంది. ఏం కాదు పద అంటూ బావ తోలుతూనే ఉన్నాడు. చివరికి కంచికచర్లలో ఒక పెళ్లికి వెళుతుంటే కీసర దగ్గర హైవే మధ్యలో ఆగిపోయింది. వెనకాల సిమెంటు లారీ. ఆ డ్రైవరు పక్కకి తిప్పి తప్పించాడు కాబట్టి సరిపోయింది. హారను మోత మాత్రం అక్క చెవుల్లో ఉండిపోయింది. మర్నాటి నుంచి ఆవిడ బస్సెక్కింది. ఇక ఆ కారెక్కనని తేల్చి చెప్పేసింది.

పోనీ ఈయనా బస్సెక్కొచ్చు కదా? అబ్బే. బస్సు కదిలేదాకా స్టాండులో ఎవరు పడుంటారంటాడు. ఆవిడెక్కిన బస్సు వెనకాలే కుదుపుల కారేసుకుని నందిగామ దాకా వెళ్లేవాడు. తెలిసినవాళ్లంతా నవ్వుకున్నారు. నేనైతే మొహం మీదే నవ్వాను. ఒకరోజు ఫోన్ చేసి, "మీ అక్క పక్కన లేకపోతే దారి తెమలట్లేదోయ్ భాస్కరా" అన్నాడు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు, జాలేసింది.

మెకానిక్కు చూసి, పెట్రోలు ఫిల్టరు మూసుకుపోయిందని చెప్పి, పై వారం తీసుకురమ్మన్నాడు. పై వారం దాకా ఆగితే ఆయన మా బావ ఎందుకవుతాడు? కొత్త ఫిల్టరు కొనుక్కొచ్చాడు, వీడియోలు చూశాడు, ఆదివారం పొద్దున్న నన్ను నందిగామ నుంచి రప్పించాడు. నిప్పంటుకుంటే చల్లడానికి ఇసుక బకెట్టు పక్కన పెట్టుకుని నిలబడటం నా ఉద్యోగం.

ఆ పనేమో తొందరున్నవాళ్లకి పనికొచ్చేది కాదు. కారుని గేటు బయట ఖాళీ స్థలంలోకి తోశాం, వంటింటి పొయ్యికి దూరంగా. ఇంజనుకి పెట్రోలు తోసే పంపు ఫ్యూజు పీకి స్టార్టు చేస్తే, గొట్టాల్లో మిగిలిన పెట్రోలు తాగి దానంతటదే ఆగిపోయింది. అలా ఒత్తిడి దించకుండా గొట్టం ఊడదీస్తే మొహాన చిమ్ముతుందట. ఆపైన ఇంజను చల్లారాలి. ఆ చల్లారేలోపు బావ కారు చుట్టూ చేసిన ప్రదక్షిణాలకి ఏ దేవుడైనా ప్రత్యక్షమయ్యేవాడు. తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరు తీశాడు, కళ్లద్దాలు పెట్టుకున్నాడు, కింద ట్రే పెట్టి పాత ఫిల్టరు ఊడదీశాడు. అందులోంచి బురద రంగు పెట్రోలు కారింది. కొత్తదాని మీది బాణం గుర్తు ఇంజను వైపు ఉండేట్టు పెట్టి క్లిప్పులు బిగించాడు. గుడ్డలు తడిసిపోయాయి, చుట్టూ గాలంతా ఒకటే వాసన.

సరిగ్గా అప్పుడు అక్క గేటు దాటి వచ్చింది. చేతిలో పళ్లెం, అందులో నిమ్మకాయలు, కుంకుమ, నడుమ వెలుగుతున్న కర్పూరం. మా ఇళ్లలో కొత్త బండికే కాదు, బండికి కొత్త సామాను వేసినా హారతి ఇచ్చి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాల్సిందే. ఎక్కనన్న కారు దగ్గరికి ఆవిడే నడిచి వస్తోంది. ఇన్నాళ్లూ బావ కోరుకున్నది అదే.

"లలితా, అక్కడే ఆగు. అడుగు ముందుకెయ్యకు. లోపలికి తీసుకెళ్లిపో."

ఎదురొచ్చిన హారతిని వెనక్కి పంపడం మా వాళ్లలో చిన్న విషయం కాదు. అక్క మొహం మాడిపోయింది. పళ్లెంతో వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది. కాస్త మెల్లగా చెప్పకూడదా అని నాకు ఒళ్లు మండింది. కాళ్ల దగ్గర పెట్రోలు ట్రే కనబడ్డాక ఆ కోపం దిగిపోయింది.

పరుగున వెళ్లి బతిమాలుకుంటాడనుకున్నాను. చూపు గేటు మీదే ఉంది గానీ మనిషి కదల్లేదు. ట్రేలో పడ్డ పెట్రోలు మూత ఉన్న డబ్బాలో పోశాడు, గుడ్డలు దూరంగా ఆరేశాడు. వైరు తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేస్తుందని, వాసన పోయేదాకా బ్యాటరీ జోలికే వెళ్లలేదు. తర్వాత వైరు తగిలించి, ఫ్యూజు పెట్టి, ఇంజను స్టార్టు చెయ్యకుండా తాళం మాత్రం తిప్పి వంగి చూశాడు. క్లిప్పు దగ్గర ఒక పెట్రోలు చుక్క నిలిచింది. అది రాలి, ఇంకోటి వచ్చింది.

తాళం తీసేసి మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. ఫ్యూజు, వైరు, క్లిప్పు, తుడవడం, ఆరబెట్టడం. ఆరేదాకా బండి ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. లేవలేదు. కాలు మాత్రం ఆడుతూనే ఉంది.

ఒట్టి చేతులతో అక్క మళ్లీ ఎప్పుడొచ్చి నిలబడిందో నేను గమనించలేదు. చుక్క కారినప్పుడే వచ్చిందేమో, అదీ ఆవిడ కంట పడింది.

"నాకు భయం కారంటే కాదురా," అంది నాతో మెల్లగా. "ఈయన తొందరంటే."

ఈసారి తాళం తిప్పితే చుక్క రాలేదు. చేత్తో తడిమి, చెయ్యి వాసన చూసుకుని, బావ బానెట్ వేసి స్టీరింగు ముందుకి ఎక్కాడు. అవతలి తలుపు తెరుచుకుంది. అక్క ఎక్కి పక్క సీట్లో కూర్చుని కొంగు సర్దుకుంది. బావ తాళం చెవి పట్టుకున్నాడు గానీ తిప్పలేదు. ఎందుకో మళ్లీ అనుమానం వచ్చినట్టుంది, దిగబోతూ ఆగి, కోప్పడుతుందేమోనని ఆవిడ వంక చూశాడు.

"చూసి రండి," అంది అక్క. "నేను కూర్చునే ఉంటా."