చిన్నదని ఎంచుకున్న మెమరీ బ్లాకు

నాతో బళ్లో చదువుకున్న వాకాడు స్నేహితుడు మొన్న ముత్తుకూరులోని మా ఇంటికొచ్చి, తువ్వాలులోంచి తీసిన పెట్టెను చూడగానే గుర్తుపట్టాను. సముద్రంలో ఆపదొస్తే మీట నొక్కగానే పడవ ఎక్కడుందో ఒడ్డుకు తెలిపే పెట్టె అది. అందులోని చిప్పు ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రూపొందించింది. రెండు నెలలుగా దాని దీపం వెలగడం లేదట, అయినా అవసరానికి పలక్కపోదని అతనూ తమ్ముడూ రోజూ వేటకు పడవలో పెట్టుకునే వెళుతున్నారట! "నువ్వు చేసింది గదబ్బయా, పక్కనుంటే ధైర్యం" అన్నాడు.

నా ఈడు ఇంజనీర్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో చిప్పు ఎంత చిన్నదైతే అంత గొప్ప. అందులో సమాచారం దాచే మెమరీ బ్లాకును మేం సొంతంగా గీసేవాళ్లం కాదు, ఎవరో చేసిపెట్టినవాటిలో ఒకటి ఎంచుకునేవాళ్లం. నా ముందు రెండున్నాయి: ఒకటి ఒకే ఫ్యాక్టరీ పద్ధతికి అతికినట్టు చేసినది, చాలా చిన్నది, రెండోది కాస్త పెద్దదే కానీ, కొద్ది మార్పులతో ఏ ఫ్యాక్టరీలోనైనా ఇమిడిపోయేది. ఆ ఒక్క ఫ్యాక్టరీ వాళ్లు ఆ పద్ధతి ఆపేస్తే ఎక్కడికి పోతామని మా సీనియర్ మేడమ్ రెండుసార్లు అడిగారు. అంత పెద్ద ఫ్యాక్టరీ ఆపేయడమేమిటని నవ్వేశాను. పిల్లలు ఎదుగుతారని ప్రతి లాగూ మడతలోనూ నాలుగు వేళ్ల గుడ్డ వదిలే దర్జీకి కొడుకునై ఉండి కూడా, చిన్నదానికే సంతకం పెట్టాను.

కొన్నేళ్లకు ఆ ఫ్యాక్టరీనుంచి ఉత్తరం వచ్చింది, ఆ తయారీ పద్ధతిని మానేస్తున్నామని. ఎన్నిసార్లు చదివినా నమ్మలేకపోయాను. మరోచోట చేయించాలంటే చిప్పంతా మళ్లీ గీయాలి. అమ్ముడయ్యే కాసిని పెట్టెలకు అంత శ్రమెందుకని కంపెనీ చేతులెత్తేసింది. చివరి విడత చిప్పులు అయిపోగానే పెట్టె తయారీ ఆగిపోయింది. మేడమ్ నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఇప్పటికీ పొడుస్తుంది.

ఇదంతా స్నేహితుడికి మొన్నే మొదటిసారి చెప్పాను, మార్చడానికి చిప్పు లేదు గనక ఇది ఇక బాగుపడదని, ఇలాంటిది దొరకదని, వేరే రకం కొనేదాకా పడవ తీయొద్దని. అతను పెట్టెకేసి చూస్తూ, "నిన్న అంత గాల్లో దీన్ని నమ్ముకొనే గదా మా తమ్ముణ్ణి పంపించినాను" అన్నాడు. ఏదో అదృష్టం, ఆ తమ్ముడు సాయంత్రానికే ఒడ్డుకు చేరాడట.

ఇప్పటివాళ్లు బ్లాకును ఎంచుకునేటప్పుడే, ఇంకెక్కడ చేయించగలమో కూడా చూసుకుంటున్నారని విన్నాను, సంతోషం. అప్పుడు చిన్న బ్లాకుతో చిప్పులో నేను మిగిల్చిన చోటు ఆవగింజలో సగం కూడా ఉండదు. దానికెంత మురిసిపోయానో తలచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.